గోదావరి మోసుకొచ్చిన పుప్పొడి

మైక్రోస్కోపు కింద ఆ రేణువు కనబడగానే గుండె ఝల్లుమంది. నడుమ గుండ్రటి భాగం, దాని మీద వరుసగా చారలు, రెండు పక్కలా గాలిసంచులు. అది పెర్మియన్ యుగపు చెట్ల పుప్పొడి, వయసు 25 కోట్ల ఏళ్లకు పైనే. నేను చూస్తున్నదేమో గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, ఖండతీరపు అంచు మీద 60 మీటర్ల లోతులో గొట్టం దించి తీసిన మెత్తటి బురద. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది.

ఆ ఒక్క స్లైడు కోసం పది రోజులు పట్టింది. బురదలోని సున్నాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, ఇసుకను, బంకమట్టిని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించాలి. రెండోది గాజును తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ బీకర్లే వాడాలి. చర్మం మీద పడితే ఎముక దాకా పోతుంది. పక్కన కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేనిదే మా ల్యాబులో ఎవరూ ఆ సీసా మూత తీయరు. పుప్పొడి గోడ మాత్రం ఇన్ని ఆమ్లాలకూ చెక్కుచెదరదు. ఆ గోడే లేకపోతే పుప్పొడితో పాత పొరల కథ చదివే ఈ శాస్త్రమే లేదు. చివరికి 10 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలిన చిటికెడు నల్లటి మడ్డికి సఫ్రానిన్ ఎర్రరంగు పట్టించి స్లైడు మీదకు ఎత్తాను.

నమూనాలు తారుమారయ్యాయేమోనన్న భయంతో మేడమ్‌ దగ్గరకు పరుగెత్తాను. ఆవిడ కంటి కటకంలో చాలాసేపు చూశారు.

"గోదావరి ఏ ఊళ్ల మీదుగా వస్తుంది?"

"భద్రాచలం, రాజమహేంద్రవరం..."

"భద్రాచలానికి ఎగువన?"

అప్పుడు తట్టింది. సింగరేణి బొగ్గు పొరలు! అవి పెర్మియన్ కాలానివే. వాటిని ఒరుసుకుంటూ వచ్చిన నీళ్లు ఆ పుప్పొడిని కడిగి తెచ్చి నిన్నమొన్నటి బురదలో కలిపేశాయి.

"రంగు చూడు. పక్కనున్న గడ్డి పుప్పొడి లేత ఎరుపు, ఇది గోధుమ రంగు. పాతది రంగును సరిగా పట్టదు. రేణువు తన వయసు చెబుతుంది, పొర వయసు కాదు. ఈ పొర దానికంటే పాతది కాదని మాత్రమే నీకు తెలుస్తుంది" అన్నారు.

ఆ రోజు నుంచి కొట్టుకొచ్చిన వాటికి నా లెక్కల పుస్తకంలో వేరే గడి గీశాను. పై పొరల్లో సరుగుడు పుప్పొడి దొరికింది. మన తీరంలో సరుగుడు తోటలు వేయడం 19వ శతాబ్దంలో మొదలైంది కనుక ఆ బురద అంతకంటే పాతది కాదు. కింది పొరల వయసు తేల్చడానికి ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల గుల్లలే దిక్కయ్యాయి. ఇసుకరేణువంత ఉండే ఆ గుల్లలను తడి కుంచె మొనతో ఒక్కొక్కటిగా ఏరాలి. రేడియోకార్బన్ పరీక్షకు పది మిల్లీగ్రాములు కావాలంటే వందల గుల్లలు ఏరక తప్పదు. మూడు వారాలకు మెడ పట్టేసింది. వచ్చిన వయసులోంచి సముద్రపు నీటిలో ఉండే పాత కార్బన్ వల్ల చేరే సుమారు 400 ఏళ్లు తీసివేయాలి. ఈ పద్ధతి 50 వేల ఏళ్ల దాకే పనికొస్తుంది. అంతకు మించితే జీవులు అంతరించిన తేదీలు ఒక ఆధారం. గ్లోబిజెరినాయిడిస్ రూబర్ గులాబీ రకం గుల్ల హిందూ మహాసముద్రంలో సుమారు 1,20,000 ఏళ్ల కిందట కనుమరుగైంది. అది కనబడితే పొర అంతకంటే పాతదన్నమాట, అది కొట్టుకొచ్చినది కాకపోతే. నాకు అది ఒక్కటీ దొరకలేదు.

గొట్టం అడుగున, మూడున్నర మీటర్ల దగ్గర, గుల్లలు పూర్తిగా ఆగిపోయాయి. బురద నల్లబడింది. స్లైడు నిండా రైజోఫోరా, అంటే కోరింగ మడ అడవుల్లో ఉప్పుపొన్న అని పిలిచే చెట్టు పుప్పొడి. అక్కడే దొరికిన ఆకు ముక్కను పరీక్షకు పంపితే 11 వేల ఏళ్లకు కాస్త అటూఇటూగా వయసు వచ్చింది. మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగింది. ఆ తర్వాత పైకి వస్తూ వస్తూ ఈ 60 మీటర్ల గీతను తాకిన కాలానికి ఆ వయసు సరిపోయింది.

ఆకు ముక్క వచ్చిన చోటి నుంచి తీసిన స్లైడును మళ్లీ పెట్టాను. ఉప్పుపొన్న పుప్పొడి నడుమ గాలిసంచుల రేణువులు నాలుగు కనబడ్డాయి. ఈసారి తడబడకుండా వాటిని వాటి గడిలో వేసుకున్నాను.