బలపాలు తిన్న ఏడాది

మాది కోనసీమలో కాలువ గట్టునున్న ఊరు. 1998లో, ఏడో తరగతిలో ఉండగా, నాకు బలపాలు తినే పిచ్చి పట్టింది. తొలకరికి మట్టిగోడ తడిస్తే ఆ వాసనకే నోరూరేది. నానమ్మేమో దిష్టి అంది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. స్కూల్ మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, ప్రేయర్‌లో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాను. ఒక డాక్టరుగారు బలానికి టానిక్ రాసిచ్చారు. రెండు సీసాలు తాగాను, బాగానే ఉండేది తియ్యగా, అంతకుమించి ఏమీ లేదు.

అమలాపురంలో ఇంకొకాయన నా కింది రెప్ప లాగి చూసి, "చెప్పులేసుకుని తిరుగుతావామ్మా?" అన్నారు. నీరసానికీ చెప్పులకీ సంబంధమేంటని అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. రక్తం 6 గ్రాములే ఉంది. మలపరీక్షలో కొంకిపురుగు గుడ్లు కనిపించాయి.

అప్పట్లో మాకు మరుగుదొడ్డి లేదు, పొద్దున్నే చెంబు పట్టుకుని కొబ్బరితోటలోకే. అక్కడి తడిమట్టిలో గుడ్లు పగిలి, పిల్ల పురుగులు అరికాలి చర్మంలోంచి దూరి, రక్తంతోపాటు ఊపిరితిత్తులకు చేరి, అక్కణ్ణించి గొంతులోకి పాకి, మనం మింగితే పేగుల్లో తిష్ఠ వేసి రక్తం తాగుతాయట. వేళ్ల సందుల్లో దురదని నీళ్లు పడక అనుకుని పసుపు రాసుకున్నాం!

ఆల్బెండజోల్ 400 ఒక్క మాత్ర, మూడు నెలలు ఐరన్ మాత్రలు. ఒంట్లో ఐరన్ పెరిగేసరికి ముందు బలపాల మీద మనసు పోయింది, ఆయాసం తగ్గడానికి ఇంకొంత టైం పట్టింది. ఆర్నెల్లకి మళ్లీ అదే నీరసం, మళ్లీ అవే గుడ్లు. పురుగులు చచ్చాయి సరే, తోట అదే, కాళ్లు అవే కదా. ఆ వేసవిలో నాన్న కొబ్బరికాయల డబ్బుతో దొడ్డి కట్టించాడు, నాకు హవాయి చెప్పులు కొన్నాడు. ఆ రెంటికీ అయిన ఖర్చు ముందు మాత్ర ఖరీదెంతని.

మొన్న ఫిబ్రవరి 10న మావాడి స్కూల్లో నులిపురుగుల మాత్ర ఇచ్చారు. 2015లో మొదలైన కార్యక్రమం ఇది, ఏడాదికి రెండుసార్లు, 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకి ఇస్తున్నారు. వాట్సాప్‌లో తల్లులందరికీ ఒకటే టెన్షన్, వాంతులవుతాయంటగా అని. పురుగులెక్కువున్న పిల్లలకి కాస్త కడుపునొప్పో వికారమో రావచ్చు, కాసేపటికి అదే సర్దుకుంటుంది, మాత్ర మాత్రం నమిలి మింగించండి అని పెట్టాను.

మర్నాడు పొద్దున్న మావాడు బాత్రూంలోంచే అరిచాడు, "అమ్మా, ఒక్క పురుగూ కనబడలేదు!" అని. నేనూ అప్పట్లో కొబ్బరాకు ఈనెతో కెలికి మరీ చూశాను, నాకూ కనబడలేదు.