బకెట్‌లో పుంటికూర, ఫోన్‌లో అవ్వ

విదేశాల్లో పిల్లలతో ఇంట్లో హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా ఎరువు నీళ్లలో మొక్కలు పెంచడం) పెట్టే మనవాళ్లు ఎక్కువగా లెట్యూస్ అనే సలాడ్ ఆకుతో మొదలుపెడతారు. తేలిగ్గా వస్తుంది, నిజమే. కానీ లెట్యూస్ గురించి నల్గొండలో ఉన్న అవ్వను అడగడానికి ఏముంటుంది? పుంటికూర, అంటే గోంగూర పెట్టండి.

విత్తనాలు ఇక్కణ్నుంచి సూట్‌కేసులో తీసుకెళ్లొద్దు. అమెరికాలో ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవని ఇచ్చే పత్రం) లేని విత్తనాలను ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. అక్కడే గోంగూర పేరుతోనో రోసెల్ పేరుతోనో కొనుక్కోవచ్చు.

మూతున్న పది లీటర్ల బకెట్, మూతకు రంధ్రం చేసి బిగించిన రెండంగుళాల నెట్ కప్పు (వేళ్లు దిగేలా జల్లెడలాంటి కప్పు), అందులో తడి స్పాంజిలో రెండు గింజలు. గది చల్లగా ఉంటే గింజ కదలదు. 25 డిగ్రీలు దాటిన వెచ్చని చోట వారంలోపే మొలుస్తుంది. నీళ్లు మొదట కప్పు అడుగును తాకాలి. వేరు దిగినకొద్దీ మట్టం తగ్గుతుంది, తగ్గనివ్వండి. పిల్లలు ప్రేమ ఎక్కువై మళ్లీ నిండా పోసేది ఇక్కడే. గాలికి అలవాటైన వేళ్లు మునిగితే మొక్క వాలిపోతుంది. మళ్లీ పోసినా సగానికి మించొద్దు. బకెట్‌లోకి వెలుతురు దూరితే పాచి పడుతుంది, నల్ల టేపు చుట్టండి.

బకెట్ నీళ్లలో కలిపే హైడ్రోపోనిక్స్ ఎరువు ఎ, బి అని రెండు భాగాలుగా వస్తుంది. రెండూ చిక్కగా ఉన్నప్పుడే కలిపితే కాల్షియం విరిగి అడుగున తెల్లగా పేరుకుంటుంది, మొక్కకు అందదు. ఒకటి నీళ్లలో బాగా కలిపాకే రెండోది. ఈసీ, అంటే నీళ్లలో ఎరువు ఎంత చిక్కగా ఉందో చెప్పే మీటరు లెక్క, మొలకకు 0.8, ముదిరాక 1.4. నీళ్ల పులుపును చెప్పే పీహెచ్ 5.8 దగ్గర ఉంచాలి. అది పెరిగితే ఇనుము అందక కొత్త ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. నిమ్మరసం పిండితే పీహెచ్ దిగుతుంది కానీ ఒకట్రెండు రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. పీహెచ్ డౌన్ యాసిడ్ పెద్దవాళ్లే పోయాలి, మీటరు చదివే పని పిల్లలది.

అసలు చిక్కు లైటుతోనే. పుంటికూర పొద్దు తగ్గితే పూతకొచ్చే మొక్క. మన దగ్గర వానాకాలంలో వేస్తే చలి మొదలయ్యేసరికి మొగ్గలేసేది అందుకే. చలిదేశాల్లో శీతాకాలపు కిటికీ దగ్గర పెట్టినా, టైమరు పన్నెండు గంటలకు తిప్పినా చిన్న మొక్కకే మొగ్గలొచ్చి ఆకు సన్నబడుతుంది, కాడ నారెక్కుతుంది. పదిహేను గంటల వెలుతురు ఇవ్వండి, ఎల్ఈడీ ఆకులకు జానెడు పైన. పిల్లల పడకగదిలో మాత్రం వద్దు.

వీడియో కాల్‌లో అవ్వ ముందు అడిగేది ఎర్రకాడా, తెల్లకాడా అని. ఎర్రదానికి పులుపెక్కువ. తర్వాత మీటరు మీద టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 700 చూసి ఉలిక్కిపడుతుంది. వాటర్ ప్లాంటు నీళ్లు తాగేవాళ్లకు టీడీఎస్ తెలుసు. ఇది తాగే నీళ్లు కాదు, చెట్టు తిండి అని మనుమరాలు తెలుగులోనే చెప్పాలి. ఆ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపదన్న సంగతీ అప్పుడే చెప్పొచ్చు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని వేరే దేశాల పుస్తకాల్లో కూడా 'నల్గొండ టెక్నిక్' అనే అంటారు. అవ్వ ఊరి పేరు అక్కడ కనబడితే పిల్లలు ఊరుకోరు.

మొక్క అడుగెత్తు కాగానే కింద నాలుగైదు ఆకులుంచి కొస గిల్లండి, పక్క కొమ్మలొస్తాయి. ఒక్క బకెట్ పప్పులోకి సరిపోతుంది. పచ్చడి చేసి జొన్నరొట్టెతో తినాలంటే మూడు పెట్టాలి.