777 కొట్టి కొనితెచ్చుకున్న తంటా

బ్యాకప్ పని నాకు అప్పజెప్పినప్పుడు అదేమంత పెద్ద విషయం కాదనుకున్నాను. ఒక లినక్స్ కంప్యూటర్‌లోని ఫైళ్లు రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో ఇంకో రెండు కంప్యూటర్లకు వెళ్లాలి. చెప్పిన వేళకు పనులు తనే నడిపే క్రాన్‌లో పెట్టేస్తే సరి. కానీ అర్ధరాత్రి పాస్‌వర్డ్ అడిగితే కొట్టేదెవరు? అందుకని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాంట్లోకి భద్రంగా వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌లో, పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యేలా కీ (పాస్‌వర్డ్ బదులు పనిచేసే ఫైళ్ల జత) పెట్టాల్సి వచ్చింది.

కీ తయారీ నిమిషం పని. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 రకం జత చేసుకున్నాను. ప్రైవేట్ కీ మన దగ్గరే ఉంటుంది. పబ్లిక్ కీ అవతలి కంప్యూటర్‌లో, మన సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీ (ఫోల్డర్)లోని డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో, ఆథరైజ్డ్ కీస్ అనే ఫైల్లో ఒక లైనుగా చేరుతుంది. ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ అనే కమాండ్ ఆ పని చేసిపెడుతుంది. మొదటి కంప్యూటర్ మారుమాట లేకుండా లోపలికి రానిచ్చింది. రెండోది మాత్రం మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది.

కాపీ సరిగ్గా కాలేదేమోనని మళ్లీ చేశాను. ఆ తర్వాత ఇంకోసారి. తీరా ఫైలు తెరిచి చూస్తే ఒకే లైను మూడుసార్లు ఉంది. పర్మిషన్ల అంకెలు (వాటి లెక్క కింద చెబుతాను) ఫోల్డర్‌కి 700, ఫైలుకి 600 ఉండాలని ఎవరిని అడిగినా చెబుతారు. నావి సరిగ్గా అవే. ఏం జరుగుతోందో వివరంగా చూపించే మైనస్ వీ పెట్టి ఎస్‌ఎస్‌హెచ్ నడిపితే పబ్లిక్ కీ చూపిస్తున్నట్టు ఒక లైను, ఆ వెంటనే పాస్‌వర్డ్ ప్రశ్న. మధ్యలో కీ ఎందుకు పనికిరాలేదో ఒక్క ముక్క లేదు. సగం రోజు అలాగే పోయింది.

కారణం మనకు చెప్పకపోవడం సర్వర్ కావాలని చేసే పనే. తలుపు తడుతున్నది ఎవరో దానికి తెలియదు కదా. రాసుకునేదంతా తన లాగ్‌లో రాసుకుంటుంది. ఈ సంగతి నాకు మధ్యాహ్నానికి గానీ తట్టలేదు. లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఆథ్ లాగ్ తెరవగానే కనిపించింది: నా హోమ్ డైరెక్టరీ ఓనర్‌షిప్ గానీ మోడ్ (పర్మిషన్ల అంకెలు) గానీ బాగాలేదు కాబట్టి నిరాకరించామని.

అప్పుడు గుర్తొచ్చింది నా నిర్వాకం. వారం ముందు సహోద్యోగి ఒకాయన, "మీ ఫోల్డర్‌లో ఫైలు సేవ్ కావట్లేదండీ, పర్మిషన్ డినైడ్ అంటోంది" అన్నారు. తొందరలో ఉండి హోమ్ మొత్తానికీ సీహెచ్‌మోడ్ మైనస్ ఆర్ 777 కొట్టేశాను (సీహెచ్‌మోడ్ పర్మిషన్లు మారుస్తుంది, మైనస్ క్యాపిటల్ ఆర్ అంటే లోపలున్న వాటన్నిటికీ). చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపితే 7. ఓనర్‌కి ఒక 7, గ్రూపుకి ఒక 7, ఊళ్లో వాళ్లందరికీ ఇంకో 7. తలుపులన్నీ బార్లా తెరిచేశానన్నమాట. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ ఆ తర్వాత పుట్టింది కాబట్టి శుభ్రంగానే ఉంది. అక్కడ ఎంత వెతికినా తప్పు దొరక్కపోవడం అందుకే.

లోపలి ఫైలు భద్రంగానే ఉందిగా, హోమ్‌తో దీనికేం పని అని మొదట విసుక్కున్నాను. కానీ ఒక ఫైలు పేరు మార్చాలన్నా, తీసేయాలన్నా లెక్కలోకొచ్చేది ఆ ఫైలు పర్మిషన్ కాదు, అది ఉన్న డైరెక్టరీలో రాసే హక్కు. హోమ్ 777 అయితే ఆ కంప్యూటర్‌లో అకౌంట్ ఉన్న ఎవరైనా నా ఫోల్డర్‌ని పక్కకు నెట్టి, అదే పేరుతో ఇంకోటి పెట్టొచ్చు. అందుకే సర్వర్‌లో లాగిన్లు చూసుకునే ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఆ ఫైలు నుంచి హోమ్ దాకా ప్రతి మెట్టు దగ్గరా ఓనర్ ఎవరు, రాయగలిగేది ఎవరు అని చూస్తుంది. దాని సెట్టింగుల్లో స్ట్రిక్ట్‌మోడ్స్‌ని నో చేస్తే ఈ తనిఖీ మానేస్తుంది. నిజం చెప్పాలంటే ఆ లైను టైపు చేశాను కూడా. సేవ్ చేసే ముందు సిగ్గేసి తీసేశాను.

హోమ్‌ని 755 చేయగానే లాగిన్ అయింది. మైనస్ ఆర్ వదిలిన కంపు మాత్రం అంత తేలిగ్గా పోలేదు. మామూలు టెక్స్ట్ ఫైళ్లు కూడా ప్రోగ్రాముల్లా కూర్చున్నాయి. ఫైండ్ కమాండ్‌తో డైరెక్టరీలకు 755, ఫైళ్లకు 644 విడివిడిగా ఇచ్చి, స్క్రిప్టులకు ఒక్కోదానికీ నడిపే హక్కు తిరిగి పెట్టుకున్నాను. సహోద్యోగి కోసం హోమ్ బయట ఒక డైరెక్టరీ, ఇద్దరికీ కలిపి ఒక గ్రూపు, మోడ్ 2775. ముందున్న 2 వల్ల అందులో పుట్టే ఫైళ్లన్నీ ఆ గ్రూపుకే చెందుతాయి. కొత్త ఫైళ్లకు ఏ పర్మిషన్లు తగ్గించాలో చెప్పే యూమాస్క్ 002 చేయకపోతే గ్రూపుకి రాసే హక్కు రాదు, అదీ సగం పనే.

క్రాన్ వాడే కీకి పాస్‌ఫ్రేజ్ (కీ వాడాలంటే కొట్టాల్సిన రహస్య పదం) పెట్టలేం. అందుకని ఆథరైజ్డ్ కీస్‌లో ఆ లైను ముందు రిస్ట్రిక్ట్ (మిగతా సౌకర్యాలు ఆపేయి) అని, కమాండ్ ఫలానా (ఇదొక్కటే నడపాలి) అని చేర్చాను. కీ ఎవరి చేతికైనా చిక్కినా బ్యాకప్ తప్ప ఇంకేం చేయలేరు.

ఇక పాస్‌వర్డ్ లాగిన్ మూసేయడం. ఒక విండోలో లాగిన్ అయ్యే ఉండి, ఇంకో విండోలో ప్రయత్నించాను. ఎస్‌ఎస్‌హెచ్‌డీ సెట్టింగుల ఫైల్లో దానికి నో అని రాశాను, రీలోడ్ చేశాను, అయినా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది! మళ్లీ టెన్షన్. ఎస్‌ఎస్‌హెచ్‌డీని క్యాపిటల్ టీతో నడిపితే నిజంగా అమల్లో ఉన్న సెట్టింగులు చూపిస్తుంది. అందులో పాస్‌వర్డ్ లాగిన్‌కి యెస్ అనే ఉంది. ఒక సెట్టింగ్‌కి మొదట ఎదురైన విలువనే అది తీసుకుంటుందట. మెయిన్ ఫైలు పైభాగంలో ఇన్‌క్లూడ్ చేసిన చిన్న ఫైలొకటి ముందే యెస్ అనేసి కూర్చుంది. దాన్ని మార్చి, కీ లేని కంప్యూటర్ నుంచి ప్రయత్నించాను. పర్మిషన్ డినైడ్ అంది. ఆ మాట చూసి సంతోషించడం నాకదే మొదటిసారి.