ముళ్ళ నేలమీద మౌంటెన్ బైకు: పంక్చర్లు తగ్గించుకున్న నా అనుభవం

కడప చుట్టుపక్కల మౌంటెన్ బైకు తొక్కేవారికి గుట్టలెక్కడం కంటే టైర్లలో గాలి నిలుపుకోవడమే పెద్ద పని. పాలకొండల అంచున ఉండే బండిబాటలైనా, గండికోట వైపు చేలగట్ల వెంబడి సాగే కాలిబాటలైనా రెండు పక్కలా కంపచెట్లు కమ్ముకుని ఉంటాయి. నేలమీద పల్లేరు పరుచుకుని ఉంటుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దాపున గనుల నుంచి తీసి పారబోసిన నాపరాళ్ళ చెక్కలు అంచులు పైకి తేలి కనిపిస్తాయి. నా 29 అంగుళాల సైకిలు 2.25 అంగుళాల వెడల్పు టైర్లతో, మామూలు ట్యూబులతో వచ్చింది. వాటితో ఈ దారుల్లోకి వెళ్ళినప్పుడల్లా ఎక్కడో ఒకచోట సైకిలు తిరగేసి కూర్చోవలసి వచ్చేది. అక్కడి నుంచి మొదలుపెట్టి, పంక్చరు భయం లేకుండా పొద్దంతా తొక్కగలిగే స్థితికి ఎలా చేరానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఉపయోగపడిన పాఠం మా వీధి చివర పంక్చరు షాపు పెద్దాయన చెప్పినది. ఒకసారి వెనక ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, పక్కపక్కనే రెండు చోట్ల నుంచి వస్తున్న బుడగలు చూపించి, "ఇది ముల్లు గాదు నాయనా, గాలి తక్కువై రిమ్ము కొరికింది" అన్నారు. టైరు రాతికి గట్టిగా తగిలినప్పుడు ట్యూబు రాతికీ రిమ్ముకూ మధ్య నలిగి, పాము కాటేసినట్టు జంట చిల్లులు పడతాయి. దీనికి మందు గాలి సరిగా ఉంచుకోవడం తప్ప టైరు మార్చడం కాదు. చిల్లు ట్యూబుకు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే, చువ్వల కన్నాల మీద వేసిన టేపు జరిగిపోయి ఉంటుంది. ఆ టేపు మార్చనంతకాలం ఎన్ని ట్యూబులు వేసినా వృథాయే. చిల్లు ఒక్కటే ఉండి, అది నేల తగిలే వైపు ఉంటే అప్పుడే ముల్లును అనుమానించాలి. అందుకని టైరు బిగించేటప్పుడు దానిమీది పేరు సరిగ్గా వాల్వు పక్కకు వచ్చేలా పెట్టడం అలవాటు చేసుకున్నాను. ట్యూబులో చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో కొలిస్తే, టైరులో ముల్లు ఎక్కడుందో అంతే దూరంలో దొరుకుతుంది. వేలితో తడిమితే గుచ్చుకునే ప్రమాదం ఉంటుంది గనుక, ముందు దూది ఉండను టైరు లోపల చుట్టూ తిప్పడం మంచిది. ముల్లుమొన ఉన్నచోట దూదిపోగు తట్టుకుని ఆగిపోతుంది.

ఇలా ఒక్కో చిల్లునూ పరీక్షిస్తూ పోతే నా పంక్చర్లలో ఎక్కువ భాగం ముళ్ళవల్లనేనని తేలింది. వాటిలోనూ రెండు రకాలు ఉన్నాయి. పల్లేరు వానలు పడగానే నేలకు అంటుకుని నలువైపులా పాకుతుంది, చిన్న పసుపు పూలు పూస్తుంది. కాయ ఎండిన తరువాత అయిదు చెక్కలుగా విడిపోతుంది. ఒక చెక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తే, గట్టి కొయ్యలాంటి వీపు మీద రెండు పొడవాటి ముళ్ళు కొమ్ముల్లా చెరోవైపు నిక్కి ఉంటాయి. దాన్ని ఎలా దొర్లించినా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది. అమెరికా పడమటి రాష్ట్రాల్లో సైకిలు తొక్కేవారిని వేధించేదీ ఇదే మొక్క. రెండోది కంపముల్లు, అంటే సర్కారు తుమ్మ. దక్షిణ, మధ్య అమెరికా ప్రాంతాల ఈ చెట్టును 1870ల చివర్లో వంటచెరకు కోసం మన కడప ప్రాంతంలోనే తొలిగా నాటించారు. ఇప్పుడది ఖాళీ నేల కనపడితే చాలు అల్లుకుపోతోంది. రైతులు చేలకు కంచె వేయడానికి ఈ కంప కొట్టి బండిమీద తీసుకుపోయేటప్పుడు రాలిన రెమ్మలు బాటమీదే ఉండిపోతాయి. పల్లేరు ముల్లు చిన్నది, చేసే చిల్లు సన్ననిది. కంపముల్లు మాత్రం టైరు ఎంత మందమైనా దాటి ట్యూబును చేరగలదు, పైగా దాని మొన రబ్బరులో విరిగి దాక్కుంటుంది.

దీనికి నేను మొదట ప్రయత్నించినది టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే ప్లాస్టిక్ పట్టీ. పల్లేరును అది బాగానే ఆపింది. అయితే బరువు పెరగడమే కాక, పట్టీ కొస ట్యూబును రాస్తూ రాస్తూ అక్కడే కొత్త చిల్లు చేసింది. కొసలను గుండ్రంగా కత్తిరించి, ఉప్పుకాగితంతో నునుపు చేస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. ఊళ్ళో రోడ్లమీదనే ఎక్కువగా తిరిగేవారికి ఈ పట్టీయే సరిపోతుందని నా అభిప్రాయం. కొండబాటల్లో తక్కువ గాలితో తొక్కాలనుకునేవారికి మాత్రం ట్యూబు ఉన్నంతకాలం జంట చిల్లుల బెడద తప్పదు.

అందుకే ట్యూబులెస్‌కు, అంటే ట్యూబు లేకుండా టైరూ రిమ్మూ కలిసి గాలిని పట్టి ఉంచే పద్ధతికి మారాను. మౌంటెన్ బైకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. 1999లోనే మావిక్, హచిన్సన్, మిషెలిన్ సంస్థలు కలిసి యూఎస్‌టీ అనే ప్రమాణాన్ని తెచ్చాయి. తరువాత సీలెంటు ద్రవాలు వచ్చి పని ఇంకా తేలికైంది. సీలెంటు అంటే రబ్బరుపాలు, సన్నని పీచో పొడో కలిసిన ద్రవం. ముల్లు దిగిన చోట గాలితోపాటు అది కూడా బయటికి తన్నుకొచ్చి, ఆ చిల్లులోనే గడ్డకట్టి మూసేస్తుంది. ముందుగా రిమ్మూ టైరూ రెండూ ట్యూబులెస్‌కు తగినవేనా అని చూసుకోవాలి. నా రిమ్ములు పనికొచ్చేవే గనుక పక్కగోడలు మందంగా ఉన్న టైర్లు, టేపు, వాల్వులు, సీలెంటు బెంగళూరు నుంచి తెప్పించుకున్నాను.

ఈ పనిలో ఎక్కువ ఓపిక చూపవలసినది టేపు దగ్గర. రిమ్మును స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత, టేపును గట్టిగా లాగి పట్టుకుంటూ అంచు నుంచి అంచుకు చుట్టాను. మధ్యలో గాలిబుడగ మిగిలితే అక్కడి నుంచే సీలెంటు చువ్వల కన్నాల్లోకి దిగిపోతుంది గనుక, బొటనవేలితో ఒత్తుకుంటూ చుట్టూ వచ్చాను. వాల్వు కన్నం దగ్గర టేపును బ్లేడుతో కోయకుండా, కాల్చిన సన్నని మేకుతో గుండ్రంగా తొలిస్తే చిరుగు పాకదు. టైరు ఎక్కించి అంచులకు సబ్బునీళ్ళు రాసినా, చేతిపంపుతో గాలి నిలవలేదు. వాల్వు లోపలి పిన్ను విప్పేసి, మెకానిక్ షెడ్డులోని కంప్రెసరుతో గాలి పట్టించాను. టైరు అంచులు రిమ్ములో కూర్చుంటూ ఠప్పుమని రెండు మూడు చప్పుళ్ళు వినిపించాయి. ఆ పైన గాలి వదిలి, ఒక్కో చక్రంలో 100 మిల్లీలీటర్లకు పైగా సీలెంటు వాల్వులో నుంచే పోసి, పిన్ను బిగించి, మళ్ళీ గాలి కొట్టాను. చక్రాన్ని కాసేపు తిప్పి, కాసేపు ఒక పక్కకు, కాసేపు మరో పక్కకు పడుకోబెట్టి ఉంచితే ద్రవం అంచులంతా అంటుకుంటుంది.

ఇక గాలి కొలత. ట్యూబులు ఉన్నప్పుడు 32 నుంచి 35 పీఎస్ఐ పట్టించేవాడిని. ఇప్పుడు డెబ్బై కిలోలకు కాస్త పైబడిన నా బరువుకు ముందు 22, వెనక 25 సరిపోతున్నాయి. రాళ్ళమీద పట్టు స్పష్టంగా పెరిగింది. ముల్లు గుచ్చుకున్నచోట తెల్లటి తడి మచ్చ కనిపిస్తుంది, చక్రం కొన్ని తిరుగుళ్ళు తిరిగేసరికి అది ఆగిపోతుంది. ఆగకపోతే ఆ చిల్లును కిందివైపుకు తిప్పి నిలబెడితే ద్రవం అక్కడ చేరి మూస్తుంది. అప్పటికీ మూసుకోని పెద్ద చిల్లులోకి జిగురు పూసిన రబ్బరు పోగును సూదితో దూర్చాలి.

అయితే మన ఎండలను మరిచిపోకూడదు. సీలెంటులో ఎక్కువ భాగం నీరే. నలభై డిగ్రీలు దాటే వేసవిలో అది త్వరగా ఇంకిపోయి, టైరు లోపల రబ్బరు ఉండలు మాత్రమే మిగులుతాయి. రెండు మూడు నెలలకొకసారి చూసుకోమని సీసాలమీద రాసి ఉంటుంది గానీ, మార్చి నుంచి జూన్ వరకు నెలకొకసారి చూడక తప్పదు. వాల్వు పిన్ను విప్పి, సన్నని ప్లాస్టిక్ తీగ లోపలికి దింపితే ఎంత తడి మిగిలిందో తెలుస్తుంది.

నాపరాతి అంచు టైరు పక్కగోడను కోస్తే మాత్రం సీలెంటు ఆపలేదు. గండికోట దారిలో నాకు అలా బొటనవేలి గోరంత కోత పడినప్పుడు గేటరే, అంటే కోతకు అడ్డుగా పెట్టే టైరు ముక్కే ఆదుకుంది. పాత టైరు నుంచి కోసి ఉంచుకున్న ఆ ముక్కను కోతకు లోపలి వైపు పెట్టి, ట్యూబు వేసుకుని వచ్చాను. అందుకే సంచిలో గేటరు ముక్క, ట్యూబు, పంపు, టైరు లివర్లు తప్పనిసరిగా ఉంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ట్యూబులెస్ టైరులో మనకు తెలియకుండానే నెలల తరబడి ముళ్ళు దిగి ఉంటాయి. సీలెంటు వాటి చుట్టూ గడ్డకట్టి ఉంటుంది గనుక గాలి పోదు. అటువంటి టైరులో ట్యూబు వేస్తే ఆ మొనలన్నీ ఒక్కసారిగా దానిలో దిగుతాయి. చక్రం విప్పినచోటే కూర్చుని, టైరు లోపలంతా దూదితో తడిమి, లోపలికి పొడుచుకొచ్చిన ప్రతి ముల్లునూ పటకారుతో లాగేసిన తరువాతే ట్యూబు ఎక్కించాలి. నాకు ఆ రోజు దీనికే అరగంటకు పైగా పట్టింది, ఇంటికి చేరేదాకా మళ్ళీ ఆగవలసిన అవసరం రాలేదు.