డేగ ఈక, జరీ రేకు: ఫ్లై కట్టడంలో నా అనుభవం

గాలపు ముల్లుకు ఈకలు, బొచ్చు, దారం చుట్టి తయారుచేసే పురుగు బొమ్మనే ఫ్లై అంటారు. సొంతంగా కట్టుకుంటే డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ముల్లును పట్టి ఉంచే వైస్, దారం కండెను పట్టే బాబిన్, కత్తెర, ఈకల తోళ్లు కొనేసరికి లెక్క తలకిందులవుతుంది. నేను ఈ పనిలో పడటానికి కారణం వేరు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌కు నైరుతి దిక్కున, డెకర్స్ దగ్గర సౌత్ ప్లాట్ నదిలో గాలం వేసేవాళ్ల తాకిడి ఎక్కువ. దుకాణంలో దొరికే ఫ్లైలను అక్కడి ట్రౌట్ చేపలు నాకంటే ముందే చూసేసి ఉంటాయి.

మొదట నేర్పేది ఊలీ బగ్గర్ అనే ఫ్లై. పెద్ద ముల్లు, మెత్తటి నూగు ఈకతో తోక, ఊలు దారం లాంటి శెనీల్‌తో ఒళ్లు, పైన కోడి ఈక చుట్లు. దీనితో చేతికి రావలసినవి రెండే: దారం బిగువు, ముల్లు కంటి దగ్గర కాస్త జాగా వదలడం. ఆ జాగా లేకపోతే ఆఖరి ముడికి చోటుండదు. బిగువు మాత్రం చెబితే వచ్చేది కాదు. దారం ఎక్కడ తెగుతుందో వేళ్లకు తెలిసేదాకా తెంపుకుంటూ పోవలసిందే.

తర్వాత ఆడమ్స్. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టిన ఫ్లై ఇది. గోధుమ రంగు ఈక ఒకటి, నలుపు తెలుపు చారల ఈక ఒకటి కలిపి చుట్టాలి. ఇక్కడ నాకు ధైర్యం వచ్చింది. భీమవరం పక్క పల్లెలో పెరిగినవాణ్ణి. పందెం కోడిని అల్లంత దూరం నుంచి చూసి, ఈకల రంగును బట్టి డేగో, కాకో, పర్లో చెప్పేసే పెద్దల మధ్య తిరిగాను. పందేలంటే నాకు గిట్టదు కానీ ఈక రంగు, మెరుపు చూసే కన్ను మాత్రం వాళ్లిచ్చిందే. కొలరాడోలోనే, డెల్టా పట్టణంలో వైటింగ్ ఫార్మ్స్ వాళ్లు ఫ్లైల ఈకల కోసమే జాతి ఎంచి కోళ్లను పెంచుతారు. ఆ మెడతోలు చేతిలోకి తీసుకుంటే ఈకలు పొడవుగా, బిరుసుగా, నూగు దాదాపు లేకుండా ఉంటాయి. మా ఊరి డేగలు సిగ్గుపడాలి. ఫ్లైని నీటి మీద నిలబెట్టేది ఆ బిరుసే. ఈ సంగతులు విని అమ్మ నెమలి ఈకలు పంపుతానంది. వాటి ఎగుమతి మన దేశంలో నిషిద్ధమని చెప్పి వద్దన్నాను.

బదులుగా నా భార్య పెట్టెలో చిరిగిన పట్టుచీర అంచు దొరికింది. అసలైన జరీ అంటే పట్టు దారం మీద చుట్టిన వెండి రేకు, పైన బంగారు పూత. డెకర్స్‌లో వాడే 20వ నంబరు ముల్లు వడ్లగింజ కంటే చిన్నది (నంబరు పెరిగేకొద్దీ ముల్లు తగ్గుతుంది). దాని మీద జరీ దారం మరీ మోటు. లోపలి పట్టును లాగేసి, రేకును గోటితో సాపు చేసి చుట్టాను. పురుగు ఒంటి మీది కణుపులు మెరుస్తూ తేలాయి. మురిసిపోయాను. చేపలు మురవలేదు.

అప్పుడు రిమ్ చంగ్ ఫ్లైని మళ్లీ ముందు పెట్టుకున్నాను. ఆయన కొరియా నుంచి వచ్చి డెన్వర్‌లో స్థిరపడిన మనిషి. ఆర్ఎస్2 అనే ఆయన ఫ్లై ఇదే నది కోసం పుట్టింది. తోకకు రెండు పోచలు, బీవర్ అనే నీటి జంతువు బొచ్చుతో సన్నటి ఒళ్లు, పొట్టి రెక్క, అంతే. నీటి అడుగు నుంచి పైకొచ్చి రెక్క విప్పబోయే పురుగుకు అంతకంటే అక్కర్లేదు. నా ఫ్లైలో చేప కోసం పెట్టినదేది, నా ముచ్చట కోసం పెట్టినదేది అని ఏరడం మొదలుపెడితే ముందుగా రాలిపోయింది జరీయే. నాకు కొంచెం బాధేసింది కూడా.

అయితే పూర్తిగా పారేయలేదు. వసంతంలో మంచు కరిగి నీరు మసకబారినప్పుడు, 16వ నంబరు ముల్లు మీద ఆ మెరుపు పనికొచ్చింది. ఆ రెంటినీ ఇప్పుడు పెట్టెలో వేరుగా ఉంచుతాను: చలికాలపు తేట నీటికి బోసివి, వసంతానికి జరీవి. ప్రస్తుతం రెక్క మీద పని నడుస్తోంది. ఈక మొదట్లో ఉండే నూగును చాలామంది పీకి పారేస్తారు. దాన్నే కత్తిరించి రెక్కగా నిలబెట్టాలని చూస్తున్నాను. తడిస్తే అణిగిపోతోంది. ఎన్ని పోచలు ఉంచాలన్నది ఇంకా తేలలేదు.