నల్లుల లెక్క నుంచి రాణి విడుదల దాకా: తేనెపెట్టెలో 24 రోజుల పని

పెట్టె మూత తీయగానే చట్రాలన్నిటి మీదా తేనెటీగలు కమ్ముకుని కనిపిస్తే బలమైన పెట్టె అనుకుంటాం. తేనెటీగల్ని పీల్చి బతికే వరోవా నల్లి విషయంలో ఆ చూపు నమ్మదగింది కాదు. పిల్లలున్న పెట్టెలో నల్లుల్లో ఎక్కువ భాగం ఈగ పిల్లలు పెరిగే, మైనపు మూత పడిన పిల్లగదుల్లో దాక్కుంటాయి. బయట ఉన్నవి ఈగ పొట్ట కింది పొరల మధ్యకు దూరిపోతాయి. రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ముందు పాకుతున్నాయంటే, నల్లి మోసుకొచ్చే వైరస్ అప్పటికే లోపలంతా వ్యాపించినట్టే. అందుకే ముందు లెక్క తీశాను.

మూత పడని లార్వాలున్న చట్రాన్ని ఎంచుకున్నాను. లార్వాలకు మేత పెట్టే దాది ఈగలనే నల్లి ఎక్కువగా అంటిపెట్టుకుంటుంది. గుమ్మం దగ్గరి ఈగల్నో, అంచు చట్రం మీదివాటినో పడితే లెక్క తక్కువగా వచ్చి ధైర్యం చెబుతుంది, అది దొంగ ధైర్యం. చట్రం రెండు వైపులా రాణి లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని ఈగల్ని తొట్టిలోకి దులిపాను. 120 మిల్లీలీటర్ల కొలగిన్నె నిండా తీస్తే సుమారు 300 ఈగలు వస్తాయి. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న సీసాలో వేసి, నిమిషం పాటు గట్టిగా గిలకొట్టి, ఈగ ఆగి నల్లి జారిపోయేంత జల్లెడలో వడగట్టాను. ఒక్కసారితో ఆపకూడదు, రెండో కడుగులోనూ కొన్ని రాలతాయి. ఈ 300 ఈగలు చనిపోతాయి. మనసు ఒప్పుకోదు, కానీ మంచి ఊపులో ఉన్న రాణి ఒక్కరోజులో వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. పంచదార పొడితో దొర్లిస్తే ఈగలు బతుకుతాయి గానీ, గాలిలో తేమ ఉంటే పొడి ముద్దకట్టి నల్లులు రాలవు.

తెల్లటి పళ్లెంలో ఎర్రగోధుమ రంగు చుక్కలు 14 తేలాయి. అంటే నూటికి నాలుగున్నర పైనే. నేను పెట్టుకున్న హద్దు నూటికి మూడు.

ఈ నల్లి మొదట ఆసియా తేనెటీగ మీద బతికేది. అక్కడ అది ముఖ్యంగా పోతుటీగల గదుల్లోనే పిల్లల్ని పెడుతుంది కాబట్టి గూడు తట్టుకుంటుంది. యూరోపియన్ తేనెటీగకు మారాక కూలీ ఈగల గదుల్లోకీ చేరింది. గదికి మూత పడబోయే ముందు తల్లినల్లి లోపలికి జారుకుంటుంది. మూత కింద గడిచే 12 రోజుల్లో గుడ్లు పెట్టి, ప్యూపాను పీల్చి, ఈగ బయటికొచ్చేటప్పుడు పిల్లలతో కలిసి వస్తుంది. నల్లికి వాడే మందు ఆక్సాలిక్ ఆమ్లం మైనపు మూత దాటి లోపలికి వెళ్లదు. పిల్లలున్న పెట్టెలో ఒకసారి పోస్తే బయటి నల్లులు మాత్రమే చస్తాయి, వారం తిరక్కుండా లోపలివి వాటి చోటు తీసుకుంటాయి. మందు పని చెయ్యలేదని చాలామంది అనేది ఇందుకే. ఫార్మిక్ ఆమ్లం మూత దాటుతుంది గానీ, ఎండలు ముదిరినప్పుడు రాణులు చనిపోయే ప్రమాదం ఉంది. దాంతో పిల్లగదులే లేకుండా చేసే దారి పట్టాను. అది గుడ్లు పెట్టకుండా రాణిని పంజరంలో పెట్టడం.

ఎప్పుడు పెట్టాలన్నదే అసలు చిక్కు. 24 రోజులు గుడ్లు లేకపోతే, మూడు వారాల తర్వాత మొదలై మరో 24 రోజుల పాటు పెట్టెలో కొత్త ఈగ పుట్టదు. ఆ లోటు పంట పూత మీద పడితే నష్టం తేనెతో ఆగదు. పుచ్చ ఆడపువ్వు ఒక్క పూటే తెరుచుకుంటుంది. దాని కీలాగ్రం, అంటే పుప్పొడి పట్టే కొస, మూడు తమ్మెల మీదా పుప్పొడి సమంగా పడాలి, అందుకు ఈగలు పదేపదే వాలాలి. ఒక పక్క తక్కువైతే ఆ పక్క గింజ కట్టదు, కాయ వంకర తిరుగుతుంది. వరి, గోధుమ, మొక్కజొన్నకు ఈగతో పని లేదు కాబట్టి ఈగలు తగ్గితే కంచం ఖాళీ అవుతుందనడం సరికాదు. కంచంలో పండు, కూర, బాదం పలుకు తగ్గుతాయి. విటమిన్ ఎ, సి ఎక్కువగా అందేది వీటి నుంచే. ప్రపంచంలోని 115 ప్రధాన ఆహార పంటల్ని 2007లో పరిశీలిస్తే, 87 పంటలు ఎంతో కొంత జంతువుల పరాగసంపర్కం మీద ఆధారపడ్డాయని తేలింది. అందులో తేనెటీగతో పాటు అడవి ఈగల వంతూ ఉంది. ఒక పెట్టె కూలిపోయినప్పుడు తేనె నష్టమే లెక్కేసుకుని ఊరుకోవడం నాకు నచ్చదు.

పూత ముగిశాక రాణిని పట్టి పంజరంలో పెట్టి, పిల్ల చట్రాల నడుమ వేలాడదీశాను. కూలీ ఈగలు లోపలికీ బయటికీ తిరిగేలా, రాణి మాత్రం దాటలేనంత సందు ఉండాలి. సందు మరీ చిన్నదైతే రాణి వాసన గూడంతా అందదు, ఈగలు రాణి పోయిందనుకుంటాయి. ఏడో రోజున ప్రతి చట్రం మీది ఈగల్ని దులిపి, కొత్త రాణిని పెంచే రాణిగదుల కోసం వెతికాను. రెండు దొరికితే చిదిమేశాను. ఈ ఒక్క తనిఖీ మరిస్తే కొత్త రాణి పుట్టి, 24వ రోజున పంజరంలోంచి వదిలిన పాత రాణి బతకదు. ఏడో రోజు దాటాక రాణిగా పెంచేందుకు తగిన లేత లార్వా పెట్టెలో మిగలదు కాబట్టి మళ్లీ వెతకనక్కర్లేదు.

కూలీ ఈగకు గుడ్డు నుంచి 21 రోజులు, పోతుటీగకు 24. అందుకే గడువు 24. ఆ రోజున మూత పడిన గది ఒక్కటీ లేదని చూసుకుని, 600 మిల్లీలీటర్ల వేడినీటిలో 35 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ కరిగించి, 600 గ్రాముల పంచదార కలిపాను. లీటరుకు దగ్గరగా వస్తుంది. చల్లారాక చట్రాల మధ్య ఈగలున్న ఒక్కో సందుకు 5 మిల్లీలీటర్లు సిరంజితో ఈగల మీదే పోశాను. పెట్టెకు 50 మిల్లీలీటర్లు మించకూడదు. ఎక్కువైతే ఈగలకే విషం. తేనె అరలు ముందే తీసేశాను. కళ్లద్దాలు, ఆమ్లాన్ని తట్టుకునే చేతితొడుగులు తప్పనిసరి. మిగిలిన పాకం దాచి తర్వాత వాడకూడదు, నిల్వలో పంచదార విరిగి ఈగలకు హాని చేసే పదార్థం తయారవుతుంది. అదే రోజు రాణిని వదిలాను. కొత్త గుడ్ల గదులకు మూత పడటానికి ఎనిమిది, తొమ్మిది రోజులు పడుతుంది. అంతకు మించి మందు ఆలస్యం చేస్తే ఈ శ్రమంతా వృథా.

మూడు వారాలకు మళ్లీ 300 ఈగల్ని కడిగితే ఒక్క నల్లి రాలింది. అయినా నెలకోసారి కడుగు ఆపలేదు. దగ్గర్లో ఏ పెట్టె కూలిపోతున్నా, దాని తేనె దోచుకోవడానికి వెళ్లిన ఈగలు నల్లుల్ని మోసుకుని తిరిగొస్తాయి. ఆ దోపిడీ తగ్గాలని నా పెట్టె గుమ్మాన్ని రెండు ఈగలు పట్టేంతకు కుదించాను.