చెట్టు పేరు చెప్పి

బ్యాంకు నుంచి వచ్చిన ఆ మెసేజీ పొద్దుటి నుంచీ పంటి కింద రాయిలా ఉంది. "కాగితం స్టేట్‌మెంటు మానండి, చెట్లను కాపాడండి" అట. ఏ చెట్లను?

మన కందుకూరు, కొండపి వైపు నుంచి కాగితం మిల్లుకు పోయేది అడవి కాదు. సుబాబుల్, జామాయిల్, సముద్రం పక్క ఇసక నేలల్లో సరుగుడు. రైతు తన చేలో నాటుకుని మూడు నాలుగేళ్లకు కొట్టుకునే పైరు. కొనేవాళ్లు లేకపోతే ఆ చెట్టేమీ బతికిపోదు. మొదళ్లతో సహా పెరికించి ఇంకేదో వేస్తారు.

సుబాబుల్ కొట్టేటప్పుడు చూడాలి. మొదలు జానెడు వదిలి, వాన నీళ్లు నిలవకుండా కాస్త ఏటవాలుగా కోస్తారు. మొద్దు చీలిందా, పిలకలు సరిగ్గా రావు. వచ్చినవాటిలో బలమైనవి రెండో మూడో ఉంచి మిగతావి తీసేయాలి, లేకుంటే అన్నీ పుల్లల్లాగే ఉండిపోతాయి. కర్ర పచ్చిగా ఉండగానే తోలు వలవాలి. ఆరిందంటే తోలు కర్రకు కరుచుకుపోతుంది, కూలి రెట్టింపు. అసలు బాధ కాటా దగ్గర. కొనేది టన్నుల లెక్కన, కర్రేమో ఆరేకొద్దీ తేలికైపోతుంది. మిల్లు గేటు ముందు లారీ ఎండలో ఎన్ని రోజులు నిలబడితే అంత నీటి బరువు రైతు డబ్బుల్లోంచి పోయినట్టే. ఆ రైతు పెంచిన చెట్టును కాపాడమని మనకు చెప్పడమా!

కాగితం వల్ల కీడు లేదని కాదు. అది మిల్లులో ఉంది. చెక్క ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడుతో 160-170 డిగ్రీల వేడిలో ఉడికిస్తే చెక్క బరువులో దాదాపు సగమే గుజ్జుగా మిగులుతుంది. చెక్క నారల్ని అతికించి ఉంచే లిగ్నిన్ కరిగిన నల్లటి ద్రావణాన్ని బాయిలర్లో మండించి ఆవిరి, కరెంటు తీస్తారు, అది మంచిదే. గుజ్జు కడగడానికి, తెల్లబరచడానికి పట్టే నీళ్లు, బయటికి వదిలే మురుగు, చాలకపోతే కాల్చే బొగ్గు, వీటి ఊసే మెసేజీలో లేదు.

ఇంతవరకూ రాశాక లెక్క వేస్తే కాగితం తరఫున వకాల్తా నిలబడేలా లేదు. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు 80 గ్రాములు తూగే ఏ4 షీటు 5 గ్రాములు. అంటే దాని వెనక సుమారు 10 గ్రాముల ఎండు చెక్క. నాలుగు షీట్లు, పైన ప్లాస్టిక్ కిటికీ కవరు, ఒక్కసారి చూసి పక్కన పడేయడం. ఫోన్లో పీడీఎఫ్ తెరవడానికి ఏపాటి కరెంటు? 5000 ఎంఏహెచ్ బ్యాటరీ పూర్తిగా నిండినా యూనిట్లో యాభయ్యో వంతే. రోజూ నింపినా ఏడాదికి ఏడు యూనిట్లు, ఛార్జరు వేడికి పోయేది కలిపితే ఎనిమిదో తొమ్మిదో. అదంతా నేలటూరు థర్మల్ ప్లాంటు బొగ్గు కరెంటే అనుకున్నా కొంచెమే. స్టేట్‌మెంటు మానడం సరైనదే, వాళ్లు చెప్పిన కారణమే సరైంది కాదు.

ఒళ్లు మండేదేమిటంటే, లోను ఫైలుకు ఆ పీడీఎఫ్‌నే ప్రింటు తీసి, పేజీపేజీకీ సంతకం పెట్టి తెమ్మంటారు. అదీ ఒకవైపు ప్రింటే కావాలట. జిరాక్సు షాపుకు పోయిన బండి పెట్రోలు ఏ చెట్టు ఖాతాలో రాయాలి?

డిజిటల్ అసలు భారం ఛార్జింగులో లేదు, ఫోను తయారీలో ఉంది. యాపిల్ తన ఫోన్లకు తానే ఇచ్చే నివేదికల్లో మొత్తం కార్బన్ భారంలో దాదాపు 80 శాతం తయారీదే. ఫోను రెండేళ్లకు బదులు నాలుగేళ్లు వాడితే ఆ భారం ఏడాదికి సగమవుతుంది.

మా పెద్దాడిది ఇదే గొడవ, ఛార్జింగు నిలవడం లేదని కొత్త ఫోను కావాలంటున్నాడు. "నాయనా, పోయింది బ్యాటరీ, ఫోను కాదు" అన్నాను. రేపు ట్రంకు రోడ్డులో బ్యాటరీ మార్పించాలి. పాతది ఉబ్బి ఉంటే గుచ్చకూడదు, నొక్కకూడదు, చెత్తబండిలో వేయకూడదు. లిథియం బ్యాటరీ నలిగితే మంట అంటుకోవచ్చు. ఈ-వేస్టు తీసుకునేవాళ్లకు ఇస్తారో లేదో షాపతన్ని అడిగాకే పాత బ్యాటరీ అతని చేతికిస్తాను.